లంకల్లో మంచం పట్టినవాళ్లను ఎవరు చూస్తున్నారు?

మా పెద్దమ్మది గోదావరి వశిష్ఠ పాయలో, చుట్టూ నీళ్లుండే ఒక లంక ఊరు. రెండేళ్ల కిందట పక్షవాతం వచ్చి మంచం పట్టింది. ఒకటో తారీఖు పొద్దున్నే సచివాలయం అబ్బాయి పింఛను పట్టుకుని ఇంటికే వస్తాడు, ఆవిడ వేలిని చీర కొంగుతో తుడిచి మెషీన్ మీద పెడతాడు, అరిగిపోయిన వేలిముద్ర పడదు, మళ్లీ తుడుస్తాడు, మూడోసారికో నాలుగోసారికో పడుతుంది, డబ్బు లెక్కపెట్టి చేతిలో పెట్టి వెళ్లిపోతాడు. మిగతా రోజుల్లో ఆవిడను పక్కకు తిప్పడానికి, ఒళ్లు తుడవడానికి, వీపు పుండు పడకుండా చూడటానికి ఎవరూ రారు.

ఒకప్పుడు ఈ పనికి పేరంటూ లేదు. కోడలు చేసేది, లేకపోతే కూతురు. ప్రేమగా చేసిందో విసుక్కుంటూ చేసిందో గానీ ఇంట్లో మనిషంటూ ఉండేది. కోనసీమ నుంచీ, నరసాపురం వైపు నుంచీ ఆడవాళ్లు ఇంటిపనికి కువైట్, దుబాయ్, మస్కట్ వెళ్లడం మొదలయ్యాక, చదువుకున్న పిల్లలు హైదరాబాద్ చేరాక ఆ మనిషి లేకుండా పోయింది. వెళ్లినవాళ్లను నేను తప్పుపట్టను. అప్పులు తీర్చిందీ, డాబాలు వేసిందీ, పిల్లల్ని చదివించిందీ ఆ డబ్బే. కానీ అక్కడ ఎవరి తల్లికో అన్నం తినిపిస్తున్న కూతురు ఇక్కడ తన తల్లిని వీడియో కాల్‌లో చూసి ఏడుస్తోంది, ఇది మా వీధిలోనే రెండిళ్లలో ఉంది.

ప్రభుత్వం నుంచి ముందుగా వచ్చింది డబ్బు. 1995లో కేంద్రం వృద్ధాప్య పింఛను మొదలుపెట్టినప్పుడు నెలకు 75 రూపాయలు. మన రాష్ట్రంలో 2014లో 1,000 అయింది, 2019 మొదట్లో 2,000, 2024లో 4,000. పూర్తిగా మంచానికే పరిమితమైనవాళ్లకు 15,000. 2019లో 50 ఇళ్లకో వాలంటీర్‌ను పెట్టారు, ఆ తర్వాత పింఛను గడప దాకా రావడం మొదలైంది. 2024 ఎన్నికలప్పుడు వాళ్లను పక్కనపెట్టేసరికి ముసలివాళ్లు మండుటెండలో సచివాలయాల చుట్టూ, బ్యాంకుల చుట్టూ తిరిగారు. మనిషి ఇంటికి రావడం ఎంత అవసరమో అప్పుడు అందరికీ తెలిసొచ్చింది. పిల్లలు చూడకపోతే భరణం ఇప్పించే 2007 చట్టం ఉంది, అదీ ముఖ్యంగా డబ్బు సంగతే.

వైద్యం కూడా కొంత దగ్గరికొచ్చింది. 2005లో 108, ఆ తర్వాత ఊళ్లలో తిరిగే 104 బండి, 2023లో ఫ్యామిలీ డాక్టర్ పద్ధతి. డాక్టరు నెలకు రెండుసార్లు ఊరికి రావాలి, కదల్లేనివాళ్లను ఇంటికెళ్లి చూడాలి అన్నారు. మంచి ఆలోచన, మనస్ఫూర్తిగా ఒప్పుకుంటాను. అయితే లంకకు బండి ఏటిగట్టు దాకానే. చాకలిపాలెం దగ్గర కనకాయలంక కాజ్‌వే సంగతి తెలిసిందేగా, గోదావరి కాస్త పొంగితే చాలు మునిగిపోతుంది, ఇక పడవే దిక్కు. 2022 జులై వరదకైతే లంకలకు లంకలే నీళ్లలో నానాయి. అలాంటప్పుడు మంచంలో ఉన్న మనిషిని ముందు బయటకు తీసేదెవరు, ఎక్కడికి తీసుకెళ్లాలి, ఎవరు పక్కనుండాలి, ఇవేవీ ముందే రాసిపెట్టుకున్న కాగితం మా ఊళ్లో నేను చూడలేదు.

ఆ 15,000 కోసం, ఈవిడ మంచానికే పరిమితం అని ఆసుపత్రిలో రాయించుకోవాల్సి వచ్చింది. పెద్దమ్మను ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి నలుగురం పడవలోకి ఎత్తాం, కుర్చీ కాళ్లు జారకుండా తాడుతో కట్టాం, అవతలి రేవులో బురదలో దింపి ఆటో ఎక్కించాం. దారంతా ఆవిడ నా చెయ్యి వదల్లేదు. డబ్బు వచ్చింది, దానికి నేను ప్రభుత్వానికి రుణపడి ఉంటాను. కానీ ఆ డబ్బుకు రోజూ వచ్చి చూసే, పని తెలిసిన మనిషి లంకలో దొరకదు. రేవు దాటి రావాలంటే ఎవరూ ఒప్పుకోరు.

కేరళలో 2008లోనే పాలియేటివ్ కేర్ మీద, అంటే నయంకాని జబ్బులతో ఉన్నవాళ్ల బాధ తగ్గించే సేవ మీద, ఒక విధానం తెచ్చి, పంచాయతీల ద్వారా నర్సులు ఇళ్లకు వెళ్లే ఏర్పాటు చేశారు. మనకు ఆశా కార్యకర్తలున్నారు, డ్వాక్రా సంఘాలున్నాయి, పుండు కట్టడం, పక్కకు తిప్పడం నేర్పితే నేర్చుకునే ఆడపిల్లలు ప్రతి లంకలో ఉన్నారు, జీతం ఇస్తే కువైట్ మాట కూడా మానుకునేవాళ్లున్నారు. గ్రామసభలో ఇదే అడిగాను. "దానికి స్కీమ్ లేదండీ" అన్నారు. వచ్చే సభలో మళ్లీ అడుగుతాను, ఈసారి రాసి ఇస్తాను.