గాలికి ఎదురు వెళ్లినవాళ్లు

ప్రియమైన పిల్లలకు,

ఆశీస్సులు. పసిఫిక్ మహాసముద్రం నడుమ ఉన్న చిన్న చిన్న దీవులకు మొట్టమొదటి మనుషులు ఎలా చేరారని అడిగారు. తుఫానులో దారి తప్పి కొట్టుకుపోయి ఉంటారని చెప్పేవాళ్లు ఉన్నారు. నేను ఆ మాట ఒప్పుకోను. ఎందుకో రాస్తాను, అట్లాసు ముందు పెట్టుకుని చదవండి.

న్యూగినీ కనిపించిందా? దానికి తూర్పున బిస్మార్క్ దీవులు, వాటిని దాటితే సోలమన్ దీవులు. అంతవరకు మనిషి 30,000 ఏళ్ల కిందటికే వెళ్లాడు. ఆపైన దీవుల వరుస తెగిపోతుంది. సాంటాక్రూజ్ దీవులు చేరాలంటే 300 కిలోమీటర్లకు పైగా ఉత్త నీళ్లే. ఆ అంచు దగ్గర మనుషులు వేల ఏళ్లు ఆగిపోయారు.

సుమారు 3,300 ఏళ్ల కిందట బిస్మార్క్ దీవుల్లో ఒక కొత్త రకం కుండలు కనిపించడం మొదలైంది. పచ్చి మట్టి మీద పళ్లున్న అచ్చుతో గుచ్చి వేసిన ముగ్గులాంటి నగిషీ, కొన్నింటి మీద మనిషి ముఖాలు. 1952లో న్యూ కాలెడోనియాలో ఎడ్వర్డ్ గిఫోర్డ్, రిచర్డ్ షట్లర్ తవ్విన చోటి పేరే వీటికి స్థిరపడింది: లపీటా. ఈ కుండలు చేసినవాళ్లే ఆ అంచు దాటారు. కొన్ని వందల ఏళ్లలోనే వనువాటు, న్యూ కాలెడోనియా, ఫిజీ, టోంగా, సమోవా దాకా వెళ్లి ఊళ్లు కట్టుకున్నారు.

ఇప్పుడు గాలి సంగతి చూడండి. ఆ సముద్రం మీద ఏడాదిలో ఎక్కువ భాగం గాలి ఆగ్నేయం నుంచి వీస్తుంది. కొట్టుకుపోయే పడవ పడమటికి పోవాలి. వీళ్లు వెళ్లింది తూర్పుకు. గాలి దిశ మారే రోజుల కోసం కాచుకుని బయలుదేరారన్నమాట. అందులో గొప్ప తెలివి ఉంది: నేల దొరకకపోతే, మామూలు గాలి తిరిగి రాగానే అదే ఇంటికి చేరుస్తుంది.

పడవల్లో ఏం తీసుకెళ్లారో చూస్తే నాకు ఇంకా నమ్మకం కలుగుతుంది. చేమదుంపలు, పెండలం, సీమపనస మొక్కలు, కోళ్లు, పందులు. తుఫానుకు చిక్కిన జాలరి పడవలో నాటుకోవడానికి మొక్కలు ఉంటాయా? పైగా వెళ్లినవాళ్లు వెనక్కి సంబంధం తెంచుకోలేదు. న్యూ బ్రిటన్ దీవిలోని తలసీయా దగ్గర దొరికే నల్లని అగ్నిపర్వతపు గాజురాయి అటు ఫిజీలోనూ ఇటు బోర్నియోలోనూ బయటపడింది. ఒక రాయి అంత దూరం చేతులు మారిందంటే పడవలు వస్తూ పోతూ ఉన్నాయనే కదా!

టోంగాలో నుకులేకా అనే ఊరు ఉంది. అక్కడి తొలి మనుషులు పగడపు ముక్కలను ఆకురాళ్లుగా వాడి కర్రను నునుపు చేసుకునేవాళ్లు. బతికున్న పగడం సముద్రపు నీటి నుంచి కొద్దిగా యురేనియం తీసుకుంటుంది. అది తెలిసిన వేగంతో థోరియంగా మారుతుంది. ఆ రెండింటి పాళ్లు కొలిచి, అక్కడ కాపురం మొదలై సుమారు 2,840 ఏళ్లని 2012లో తేల్చారు. తేడా పదేళ్లు కూడా లేదు! ఇంత పాత విషయానికి ఇంత కచ్చితమైన లెక్క దొరకడం చాలా అరుదు.

వనువాటులోని తేఔమా అనే చోట ఈ లపీటా కుండల జనం శ్మశానం 2004 నుంచి తవ్వారు. పెద్దవాళ్ల ఎముకల గూళ్లకు తలలు లేవు. పాతిపెట్టిన కొన్నాళ్లకు మళ్లీ తవ్వి, తలను తీసి, కొందరికి ఆ చోట శంఖపు కడియాలు ఉంచారు. ఒక మనిషి ఛాతీ మీద వేరేవాళ్ల పుర్రెలు మూడు ఉన్నాయి. భయపడకండి, చనిపోయినవాళ్లను వదులుకోలేని ప్రేమ అది అనిపిస్తుంది నాకు. అక్కడి ఎముకల నుంచి తీసిన డీఎన్ఏను 2016లో పరిశీలిస్తే, వాళ్ల పూర్వీకులు తైవాన్, ఫిలిప్పీన్స్ వైపు జనమని తెలిసింది. న్యూగినీ జనంతో కలయిక ఆ తర్వాత జరిగింది.

ఒక్క విషయం దాచకూడదు. తేఔమా ఉన్న దీవిలో అప్పుడు తల మీద కొమ్ములున్న పెద్ద తాబేళ్లు ఉండేవి. తేఔమా చెత్త దిబ్బల్లో వాటి ఎముకలు దొరికాయి. మనుషులు వచ్చిన సుమారు 300 ఏళ్లలో అవి కనిపించకుండా పోయాయి. వాళ్ల ధైర్యాన్ని మెచ్చుకునేటప్పుడు దీన్ని కూడా కలిపే చెప్పుకోవాలి.

సమోవా చేరాక తూర్పు ప్రయాణం వెయ్యేళ్లకు పైగా ఆగింది. అంతకాలం ఎందుకు ఆగారన్నది పండితులు ఇంకా వాదించుకుంటున్నారు. తర్వాత వాళ్ల సంతతివాళ్లే తాహితీ, హవాయి, రాపా నుయి (ఈస్టర్ దీవి) దీవులకు, చివరికి 1300 ప్రాంతంలో న్యూజిలాండ్‌కు వెళ్లారు. ఆ కథ వచ్చే ఉత్తరంలో రాస్తాను.

ఇట్లు,
మీ తాతయ్య