తిరుగుబాటు చేసిన దేవదూత: ‘పారడైజ్ లాస్ట్’ గురించి కొన్ని అపోహలు, వాస్తవాలు

పదిహేడో శతాబ్దపు ఇంగ్లిష్ కవి జాన్ మిల్టన్ రాసిన ఈ కావ్యాన్ని చాలా ఏళ్లుగా క్లాసులో చెబుతున్నాను. దేవుడిపై తిరగబడి నరకంలో పడిన దేవదూత సైతాను, తొలి మనుషులైన ఆదాము, హవ్వలను తప్పుదారి పట్టించే కథ ఇది. ప్రతి కొత్త బ్యాచ్‌లోనూ అవే అభిప్రాయాలు ఎదురవుతాయి. అవి తప్పని కొట్టిపారేయలేను, ఎందుకంటే నేనూ అలాగే మొదలుపెట్టాను. నాకు దారి చూపింది ఒకటే ప్రశ్న: ఈ మాట ఎవరు, ఎవరి ముందు అంటున్నారు?

అపోహ: సైతానే కథానాయకుడు. మిల్టన్ మనసు అతనివైపే ఉంది.

వాస్తవం: మిల్టన్ తనకు తెలియకుండానే సైతాను పక్షాన ఉన్నాడని తర్వాతి కాలపు ఇంగ్లిష్ కవి విలియం బ్లేక్ అన్నాడు. ఆ మాట ఊరికే పుట్టలేదు. మొదటి రెండు భాగాల్లో సైతాను ప్రసంగాలు వింటే ఇప్పటికీ నాకు ఒళ్లు జలదరిస్తుంది. ‘స్వర్గంలో ఊడిగం చేయడం కన్నా నరకంలో ఏలడం మేలు’ అన్న పంక్తి కావ్యం తెరవని వాళ్లకు కూడా తెలుసు. అయితే అది అతను యుద్ధంలో ఓడి, నిప్పుల మడుగులోంచి లేచి, తన ముఖ్య అనుచరుడు బీల్జెబబ్‌తో అన్న మాట. అంతకుముందే, అతని మొదటి ప్రసంగం ముగియగానే, కవి తన గొంతుతో చెబుతాడు: పైకి గొప్పలు పోతున్నాడు, లోపల నిరాశ కోసేస్తోంది అని. చాలామంది ఆ రెండు పంక్తులు దాటేసి వెళ్లిపోతారు.

అందుకే నేను పాఠం నాలుగో భాగంతో మొదలుపెడతాను. అక్కడ సైతాను ఒంటరి. ఎదురుగా సూర్యుడు తప్ప ఎవరూ లేరు. దేవుడు తనకు ఏ అన్యాయమూ చేయలేదని, ఆ సేవ కష్టమైనదే కాదని తనంతట తానే ఒప్పుకుంటాడు. ‘ఎటు పారిపోయినా నరకమే, నేనే నరకం’ అంటాడు. మరి పశ్చాత్తాప పడొచ్చు కదా? తలవంచాలి, కింద ఉన్న అనుచరుల ముందు పరువు పోతుంది. ఏ ప్రసంగాలతో వాళ్లను వెంట తిప్పుకున్నాడో ఆ ప్రసంగాలే అతని కాళ్లకు సంకెళ్లయ్యాయి. మొత్తం కావ్యంలో నాకు అన్నిటికన్నా బాధ కలిగించే చోటు ఇదే. ఈ స్వగతంలోని మొదటి పంక్తులను మిల్టన్ ఎన్నో ఏళ్ల ముందే ఒక నాటకానికి ప్రారంభంగా రాశాడని ఆయన మేనల్లుడు ఎడ్వర్డ్ ఫిలిప్స్ చెప్పాడు. పైకి చదివి చూడండి, ఆ నాటకీయత తెలిసిపోతుంది.

అపోహ: రాజుకు ఎదురుతిరిగిన మిల్టన్, దేవుడికి ఎదురుతిరిగిన సైతాను ఒక్కటే.

వాస్తవం: 1649లో ఇంగ్లండ్ రాజు మొదటి చార్లెస్‌కు మరణశిక్ష వేయడాన్ని మిల్టన్ గట్టిగా సమర్థించాడు. 1660లో రాచరికం తిరిగొచ్చాక అరెస్టయ్యాడు, ఆయన పుస్తకాలను తగలబెట్టారు. కావ్యం అచ్చైంది 1667లో. కాబట్టి ఈ పోలిక తోచడం సహజం. కానీ రెండో భాగం ఎలా మొదలవుతుందో చూడండి: తిరుగుబాటు నాయకుడు రాజవైభవంతో ఎత్తైన సింహాసనం మీద కూర్చుని ఉంటాడు! పన్నెండో భాగంలోనేమో ఆదాము, మనిషి మీద మనిషికి దేవుడు పెత్తనం ఇవ్వలేదని మండిపడతాడు. మిల్టన్ రాజకీయం వినిపించేది అక్కడ.

ఇంకో పాత్ర కూడా ఉంది, అబ్దియేల్ అనే దేవదూత. సైతాను కూడగట్టిన సేన మధ్యలో లేచి, ఇది తప్పు అని చెప్పి, అందరి వెక్కిరింపుల మధ్య నుంచి ఒక్కడే నడిచి వెళ్లిపోతాడు. ధిక్కారం అంటే ఏమిటో చెప్పమంటే నేను మొదట చూపించేది ఇతన్నే.

అపోహ: మనుషుల మీద అసూయతో దేవదూతలు తిరగబడ్డారు.

వాస్తవం: ఖురాన్‌లో ఇబ్లీస్ (అక్కడ సైతాను పేరు) ఆదాముకు మోకరిల్లనంటాడు. ఆ కథ వేరు. మిల్టన్ కథలో గొడవకు కారణం దేవుడు తన కుమారుడిని అందరికీ అధిపతిగా ప్రకటించడం. మనుషుల సృష్టి జరిగేది దూతలు పడిపోయాకే.

అపోహ: జరగబోయేది దేవుడికి ముందే తెలుసు కాబట్టి తప్పంతా ఆయనదే.

వాస్తవం: మూడో భాగంలో దేవుడు దీనికి జవాబిస్తాడు. నిలబడే శక్తి ఇచ్చాను, పడిపోయే స్వేచ్ఛ కూడా ఇచ్చాను, ముందే తెలిసినంత మాత్రాన నేను చేయించినట్టు కాదు అని. వాదనగా ఇది బలమైనదే. కవిత్వంగా మాత్రం పొడిగా ఉంటుంది, ఆ దేవుడి గొంతు నాకు ఎప్పుడూ దగ్గర కాలేదు. 1961లో ఇంగ్లిష్ విమర్శకుడు విలియం ఎంప్సన్ ఒక పుస్తకమంతా ఈ దేవుడిని నిలదీస్తూ రాశాడు. మీకూ ఇబ్బందిగా అనిపిస్తే దాన్ని అణచుకోకండి, ఆ ఇబ్బందితోనే చదవండి.

అపోహ: మొదటి రెండు భాగాలు చదివితే సైతాను అర్థమైనట్టే.

వాస్తవం: సిలబస్ చాలాసార్లు అక్కడే ఆగిపోతుంది, అదే పెద్ద చిక్కు. ఆ తర్వాత అతను నీటికాకిలా చెట్టెక్కుతాడు, కప్పలా హవ్వ చెవి దగ్గర నక్కుతాడు, చివరికి పాములో దూరతాడు. పదో భాగంలో గెలిచానని నరకానికి తిరిగొచ్చి, సింహాసనం మీంచి తన ఘనకార్యం చెప్పి, జేజేల కోసం కాసేపు ఎదురుచూస్తాడు. నలువైపులా వినిపించేది బుసలే. జవాబు చెప్పబోతే అతని నోట్లోంచీ బుసే వస్తుంది.