రోమన్ వెండి నాణేల మీద దేవుళ్లు: అపోహలు - వాస్తవాలు

రోమన్ వెండి నాణెం, అంటే దేనారియస్, చేతికి రాగానే అందరూ చక్రవర్తి ముఖమే చూస్తారు. నేను ముందు బొరుసు తిప్పి చూస్తాను. మతం సంగతులన్నీ ఎక్కువగా అటువైపే ఉంటాయి.

అపోహ: చక్రవర్తి బతికుండగానే నాణెం మీద దేవుడైపోయేవాడు.

వాస్తవం: రోమ్‌లో సాధారణంగా ఆ గౌరవం చనిపోయాకే, అదీ రోమ్ పెద్దల సభ అయిన సెనేట్ తీర్మానంతో. రెండో చక్రవర్తి టైబీరియస్ నాణెం మీద అతడు దేవుడు కాడు, చనిపోయాక దైవత్వం పొందిన తొలి చక్రవర్తి అగస్టస్ కుమారుడు. బొరుసు మీద ప్రధాన పురోహితుడన్న బిరుదు ఉంటుంది. బైబిల్లో పన్ను కట్టాలా అని అడిగినప్పుడు యేసు చూపించమన్న నాణెం ఇదేనని అమ్మేవాళ్లు ఒట్టేసి చెబుతారు. సువార్తల్లో ఉన్నది సీజర్ రూపం, పేరు ఉన్న దేనారియస్ అని మాత్రమే. సీజర్ అన్నది చక్రవర్తులందరూ వాడిన పేరు; ఏ సీజరో అక్కడ లేదు. ధర పెంచడానికి మాత్రం ఆ కథ బాగా పనికొస్తుంది.

అపోహ: బొమ్మల పైన కనిపించే చిన్న గుర్తులు ఖాళీ నింపడానికి చెక్కినవి.

వాస్తవం: అగస్టస్ మనవలు గైయస్, లూసియస్‌ల నాణెం తీసుకోండి. భారతదేశంలో దొరికిన నిధుల్లో విరివిగా కనిపించే రకమిది. టోగాలు (ఒంటికి చుట్టుకునే రోమన్ వస్త్రాలు) ధరించిన ఇద్దరు అన్నదమ్ములు, మధ్యలో డాళ్లు, ఈటెలు. వాటి పైన భూతద్దంతో చూస్తే రెండు వస్తువులు కనిపిస్తాయి. ఒకటి పొడుగు కాడ ఉన్న చిన్న గరిటె, మన ఉద్ధరిణెలాంటిది, ద్రాక్షసారాయి ధారపోయడానికి. అది గైయస్ పురోహిత పదవికి గుర్తు. రెండోది కొన వంకీ తిరిగిన కర్ర. పక్షి శకునాలు చూసేవారు దానితో ఆకాశాన్ని భాగాలు చేసేవారు. లూసియస్ పదవి అదే. వారసులు వీరేనని సామ్రాజ్యానికంతా చాటిన నాణెమిది. పాపం, లూసియస్ క్రీ.శ. 2లో, గైయస్ 4లో చనిపోయారు.

అపోహ: తల మీద కిరణాల కిరీటం ఉంటే దేవుడే.

వాస్తవం: క్రీ.శ. 215లో కారకల్లా చక్రవర్తి తెచ్చిన కొత్త వెండి నాణెం మీద ఆ కిరీటం విలువను తెలిపే గుర్తు. అదే నాణెం మీద రాణి బొమ్మ వేస్తే భుజాల కింద నెలవంక ఉంటుంది.

అపోహ: గద్ద కనిపిస్తే అది సైన్యం గుర్తే.

వాస్తవం: పక్కన "కాన్‌సెక్రాషియో" అని ఉంటే, చనిపోయిన చక్రవర్తిని దేవతల్లో కలిపారని అర్థం. రాణులకైతే జూనో దేవత పక్షి నెమలి.

అపోహ: దక్షిణ భారతంలో దొరికిన కొన్ని నాణేల మీద చక్రవర్తి ముఖానికి పడిన గాట్లు మత ద్వేషానికి సాక్ష్యం.

వాస్తవం: అలాంటి ఆధారం లేదు. లోపల రాగి ఉందేమోనని పరీక్షించారని కొందరు, చలామణీలోంచి తప్పించడానికని మరికొందరు అంటారు. పండితులు ఇంకా వాదించుకుంటూనే ఉన్నారు.