భయం ఎంతుంటే మజా?

హారర్ సినిమా చూసేవాళ్ళని ఎప్పుడైనా గమనించండి, మొహానికి చెయ్యి అడ్డం పెట్టుకుంటారు కానీ వేళ్ళ సందుల్లోంచి చూస్తూనే ఉంటారు. అంత భయమైతే లేచి పోవచ్చుగా అంటే పోరు, పైగా అయిపోగానే ఇంకోటి పెట్టమంటారు.

ఒంట్లో జరిగేది మాత్రం ఉత్తుత్తి భయం కాదు. తెర మీద తలుపు కిర్రుమనగానే మెదడులో అమిగ్డాలా అనే చిన్న భాగం అలర్ట్ అయిపోతుంది, అడ్రినలిన్ విడుదలవుతుంది, గుండె దడదడలాడుతుంది, అరచేతులు చెమట పడతాయి. అదే టైంలో మెదడులో ఇంకోవైపు నుంచి "అబ్బే, అది మేకప్ వేసుకున్న మనిషే" అని సర్దిచెప్పడం కూడా నడుస్తుంటుంది. పాల్ రోజిన్ అనే సైకాలజిస్ట్ చెప్పేది ఇదే, ప్రమాదం వచ్చిందని ఒళ్ళు మోసపోతుంది, ఏమీ లేదని మనసుకి తెలుసు, ఆ తేడాలోనే మనకి కిక్కు.

అలాగని ఎంత భయపెడితే అంత మజా అనుకుంటే పప్పులో కాలేసినట్టే. డెన్మార్క్‌లో వైలె అనే ఊళ్ళో జనాన్ని భయపెట్టడానికే పెట్టిన ఓ హాంటెడ్ హౌస్ ఉంది, ఆర్హుస్ యూనివర్సిటీ వాళ్ళు అక్కడికెళ్ళిన 110 మందికి గుండె వేగం కొలిచే మానిటర్లు తగిలించి లోపలికి పంపారు, జాంబీ వేషాలవాళ్ళు మీదకి దూకే చోట్ల కెమెరాలు కూడా పెట్టారు. 2020లో రిజల్ట్ వచ్చింది. భయం మరీ తక్కువైతే బోరు, మరీ ఎక్కువైతే నరకం, మధ్యలో ఎక్కడో మజా పీక్‌లో ఉంది. గుండె వేగం మామూలు కన్నా కాస్తే అటూఇటూ అయినవాళ్ళు ఎక్కువ ఎంజాయ్ చేశారట.

అందుకే వేళ్ళ సందుల్లోంచి చూసేవాళ్ళని పిరికివాళ్ళని ఎగతాళి చేయడం నాకు నచ్చదు. వాళ్ళు భయానికి వాల్యూమ్ తగ్గించుకుంటున్నారు, అంతే. అదే టీం 2019లో ఇంకోటి చూసింది, కావాలని భయం పెంచుకునేవాళ్ళూ, పక్కోళ్ళ చెయ్యి పట్టుకుని దాన్ని అణుచుకునేవాళ్ళూ బయటికొచ్చాక దాదాపు ఒకేలా తృప్తి పడ్డారు.

మరి భయమే లేకపోతే? పరిశోధనల్లో ఎస్.ఎమ్. అని పిలిచే ఒక అమెరికా మహిళకి అరుదైన జబ్బు వల్ల మెదడులో చెరోవైపు ఉండే రెండు అమిగ్డాలాలూ దెబ్బతిన్నాయి. సైంటిస్టులు ఆవిడని కెంటకీలో ఓ హాంటెడ్ హౌస్‌కి తీసుకెళ్తే మిగతావాళ్ళంతా కేకలు పెడుతుంటే ఆవిడ నవ్వుతూ ముందు నడిచింది. ఇక్కడ గమ్మత్తేంటంటే, భయం లేదు గానీ బోరు కూడా కొట్టలేదు, కుతూహలం ఆపుకోలేక ఓ రాక్షసుడి వేషగాడి తల మీద వేలితో పొడిచింది, పాపం వాడే ఉలిక్కిపడ్డాడు.