బంకు దగ్గర ధర, బావి దగ్గర కరువు

యానాం పెట్రోల్ బంకుల్లో ఏ పూట చూసినా ఏపీ నంబరు బళ్లే ఎక్కువ. ఎదుర్లంక వంతెన దాటి వచ్చే ఆటోలు, కాకినాడ వైపు నుంచి వచ్చే బైకులు, క్యాన్లు పట్టుకుని నిలబడ్డ రైతులు. యానాం పుదుచ్చేరి కింద ఉంది కాబట్టి అక్కడ వ్యాట్ తక్కువ. లీటరుకు పది రూపాయల పైనే తేడా. మా బాబాయి వరి కోతలప్పుడు మిషనుకు డీజిలు అక్కడి నుంచే తెప్పిస్తాడు. దారి ఖర్చు పోనూ నాలుగు డబ్బులు మిగులుతాయని ఆయన లెక్క.

అదే కోనసీమలో లోపలికి వెళ్తే కొబ్బరి తోటల మధ్య కంచె వేసిన చమురు బావులు, గ్యాస్ బావులు, నేల కింద పైపులైన్లు ఉంటాయి. కాళ్ల కింద చమురు, గ్యాస్ ఉన్న ఊళ్లవాళ్లే చౌక పెట్రోలు కోసం గోదావరి పాయ దాటుతున్నారు. మన దగ్గర ధర ఎందుకింత ఎక్కువ, చమురు ఎందుకింత తక్కువ అన్న రెండు ప్రశ్నలూ ఎప్పుడూ విడివిడిగానే చర్చకు వస్తాయి. ధర మీద మాట్లాడేవాళ్లు పన్నుల దగ్గర ఆగిపోతారు. ఉత్పత్తి మీద మాట్లాడేవాళ్లు భూగర్భం దగ్గర ఆగిపోతారు. నాకు తెలిసినంతలో ఈ రెండూ ఒకే ఖాతాలోని రెండు పద్దులు. ఆ ఖాతా ఎప్పుడు మొదలైందో చూడాలంటే చాలా వెనక్కి వెళ్లాలి.

అస్సాంలోని దిగ్బోయ్‌లో 1889లో చమురు పడింది. 1901లో అక్కడే రిఫైనరీ వచ్చింది. ఆ తర్వాత స్వాతంత్ర్యం దాకా, వచ్చాక కూడా కొన్నేళ్లు, దేశంలో చమురు వ్యాపారం బర్మా షెల్, ఎస్సో, కాల్టెక్స్ చేతుల్లోనే నడిచింది. 1957లో విశాఖపట్నంలో మొదలైన రిఫైనరీ కూడా కాల్టెక్స్‌దే. ఈ కంపెనీలకు ఇక్కడ చమురు వెతకడం కన్నా బయటి నుంచి తెచ్చి అమ్మడమే లాభం. ధర కట్టే పద్ధతీ అందుకు తగ్గట్టే ఉండేది. సరుకు ఇక్కడే శుద్ధి చేసినా, గల్ఫ్ రేవు నుంచి ఓడలో దిగుమతి చేసుకుంటే ఎంత పడుతుందో అంతే వసూలు చేసేవాళ్లు. 1960లో సోవియట్ యూనియన్ చౌకగా ముడిచమురు ఇస్తామంటే, తమ రిఫైనరీల్లో దాన్ని శుద్ధి చేయడానికి ఈ కంపెనీలు ఒప్పుకోలేదు.

అప్పటి కేంద్ర మంత్రి కె.డి. మాలవీయ మాత్రం మన నేలలో చమురు ఉందని గట్టిగా నమ్మారు. 1956లో చమురు వెతికి తీసే ప్రభుత్వ సంస్థ ఓఎన్‌జీసీ ఏర్పడింది. 1960లో గుజరాత్‌లోని అంకలేశ్వర్‌లో చమురు పడింది. పరాయి కంపెనీలు లేదన్న చోట మన ఇంజినీర్లు తీసి చూపించారు. ఈ దేశ చమురు చరిత్రలో నేను గర్వంగా చెప్పుకునే ఘట్టం ఇదే.

1973 అక్టోబరులో అరబ్ దేశాలు సరఫరా తెగ్గోశాయి. మూడు డాలర్లున్న బ్యారెల్ మరుసటి జనవరికల్లా పన్నెండు డాలర్లకు చేరువైంది. పెట్రోలు ధర పెంచినందుకు నిరసనగా ఆ నవంబరులో వాజ్‌పేయి ఎద్దుల బండి మీద పార్లమెంటుకు వచ్చారు. మరో మూడు నెలలకే, 1974 ఫిబ్రవరిలో, సాగర్ సామ్రాట్ అనే డ్రిల్లింగ్ రిగ్గు ముంబై తీరానికి దూరంగా సముద్రంలో బాంబే హై క్షేత్రాన్ని కనిపెట్టింది. 1976లో ఉత్పత్తి మొదలైంది. 1980ల మధ్య నాటికి దేశం వాడే చమురులో మూడింట రెండొంతులకు పైగా మన బావుల నుంచే వచ్చింది. ఈ సంగతి ఇప్పుడు చెబితే నమ్మనివాళ్లున్నారు.

అయితే ఆ తర్వాత జరిగింది తప్పే. దిగుమతి బిల్లు తగ్గించుకోవాలన్న ఆత్రంలో బాంబే హై బావులను శక్తికి మించి పిండారు. లోపలి ఒత్తిడి పడిపోయింది, చాలా బావులు మూయాల్సి వచ్చింది. 1989-90లో 3.4 కోట్ల టన్నులున్న దేశ ఉత్పత్తి మూడేళ్లలో 2.7 కోట్ల టన్నులకు దిగజారింది. కొత్త క్షేత్రాలు దొరికి ఉంటే ఆ దెబ్బ తట్టుకునేవాళ్లం. వెతకడానికి డబ్బు కావాలి. ఆ డబ్బు ఏమైందన్నది అసలు కథ.

1974లోనే పార్లమెంటు ఒక చట్టం చేసింది. దేశంలో తీసే ప్రతి టన్ను ముడిచమురు మీద సెస్సు వేసి, ఆ సొమ్ముతో చమురు పరిశ్రమను పెంచాలన్నది దాని ఉద్దేశం. అందుకోసం ఆయిల్ ఇండస్ట్రీ డెవలప్‌మెంట్ బోర్డు కూడా పెట్టారు. టన్నుకు 60 రూపాయలతో మొదలైన సెస్సు 1989కి 900, 2006కి 2,500, 2012కి 4,500 రూపాయలైంది. 2016లో దాన్ని విలువలో 20 శాతంగా మార్చారు. ఇలా వసూలైంది లక్ష కోట్ల రూపాయలకు పైనే. అందులో బోర్డు చేతికి వచ్చింది 902 కోట్లు. అది కూడా 1991-92 వరకే. ఆ తర్వాత ఒక్క రూపాయి రాలేదు. మిగతాదంతా ప్రభుత్వ సాధారణ ఖజానాలో కలిసిపోయింది. పాడి ఆవుకు కుడితి పెట్టకుండా పాలు పిండడం అంటే ఇదే. ఈ ఒక్క లెక్క ప్రతి బంకు దగ్గరా బోర్డు మీద రాసి పెట్టాలని నాకనిపిస్తుంది.

ఇక ధర వైపు. 1970ల్లో విదేశీ కంపెనీలను జాతీయం చేశాక ధరలన్నీ ప్రభుత్వం నిర్ణయించే పద్ధతి స్థిరపడింది. పెట్రోలు మీద ఎక్కువ తీసుకుని, కిరోసిన్, వంట గ్యాస్ చౌకగా ఇచ్చేవాళ్లు. దీనికి ఆయిల్ పూల్ అని ఒక ఖాతా. 2002 ఏప్రిల్‌లో ఆ పద్ధతి ఎత్తేశామన్నారు కానీ, ముడిచమురు పెరగడం మొదలవగానే పాత అలవాటు తిరిగొచ్చింది. 2008 జులైలో బ్యారెల్ 147 డాలర్లను తాకింది. బంకులో ధర అంతగా పెంచలేక, నష్టపోయిన కంపెనీలకు ప్రభుత్వం నగదు బదులు బాండ్లు రాసిచ్చింది. సుమారు 1.3 లక్షల కోట్ల అప్పు తర్వాతి ఏళ్ల మీద పడింది.

బాండ్ల గురించి టీవీ చర్చల్లో అందరూ మాట్లాడతారు. ఓఎన్‌జీసీ మీద వేసిన భారం గురించి మాట్లాడేవాళ్లు తక్కువ. చౌక ఇంధనం నష్టంలో వాటా పంచుకోమని, తీసిన చమురును తక్కువ ధరకు అమ్మించారు. 2013-14 ఒక్క ఏడాదిలోనే ఓఎన్‌జీసీ భరించింది 56,384 కోట్లు. ప్రపంచ ధర నూరు డాలర్లు దాటిన ఆ ఏడాది, ఆ రాయితీ పోను బ్యారెల్‌కు దాని చేతిలో మిగిలింది 41 డాలర్లే. బావి తవ్వేవాడికి నాలుగు కాసులు రావలసిన కాలమది. అప్పుడే ఆ డబ్బు తీసేసుకున్నారు. తర్వాత వచ్చిన ప్రభుత్వమూ ఆ సంస్థను పోపుల డబ్బాలాగే వాడుకుంది. 2018 జనవరిలో చమురు శుద్ధి చేసి అమ్మే ప్రభుత్వ కంపెనీ హెచ్‌పీసీఎల్‌లో కేంద్రానికున్న వాటాను 36,915 కోట్లు పోసి ఓఎన్‌జీసీ చేత కొనిపించారు. ఆ సొమ్ముతో పెట్టుబడుల ఉపసంహరణ, అంటే ప్రభుత్వ వాటాల అమ్మకం, లక్ష్యం నెరవేరింది. దేశానికి కొత్తగా ఒక్క బ్యారెల్ రాలేదు.

2010 జూన్‌లో పెట్రోలు మీద, 2014 అక్టోబరులో డీజిలు మీద నియంత్రణ తొలగింది. ప్రపంచ ధర పెరిగితే పెరుగుతుంది, తగ్గితే తగ్గుతుందని చెప్పారు. సరిగ్గా అప్పుడే ముడిచమురు కుప్పకూలింది. 2014 జూన్‌లో నూరు డాలర్లకు పైనున్నది 2016 జనవరిలో ముప్పైకి దిగింది. 2014 నవంబరు నుంచి 2016 జనవరి దాకా లీటరు పెట్రోలు మీద కేంద్రం వేసే ఎక్సైజు సుంకం 9.48 రూపాయల నుంచి 21.48కి, డీజిలు మీద 3.56 నుంచి 17.33కి ఎక్కింది. తగ్గుదలలో ఎక్కువ భాగం జనం దాకా రాలేదు. 2020లో కరోనా కాలంలో చమురు ఇరవై డాలర్ల చుట్టూ తిరుగుతుంటే పెట్రోలు మీద ఎక్సైజు 32.98 రూపాయలైంది. పనుల్లేక ఇంట్లో కూర్చున్న ఆటోవాళ్లు మళ్లీ రోడ్డెక్కేసరికి ఆ బిల్లు చేతిలో పెట్టారు. 2021, 2022ల్లో ఎక్సైజు కొంత తగ్గించారు, 2025 ఏప్రిల్‌లో మళ్లీ రెండు రూపాయలు పెంచారు.

రాష్ట్రాలు ఇందులో అమాయకులేం కావు. ఆంధ్రప్రదేశ్‌లో పెట్రోలు మీద 31 శాతం వ్యాట్, దాని పైన లీటరుకు 4 రూపాయలు, రోడ్ల కోసం మరో రూపాయి. తెలంగాణలో 35.2 శాతం. 2021 నవంబరులో కేంద్రం తగ్గించినప్పుడు చాలా రాష్ట్రాలు తామూ తగ్గించాయి, మన రెండూ తగ్గించలేదు. ఎక్సైజులో ఎక్కువ భాగం సెస్సులుగా వేసి రాష్ట్రాలతో పంచుకోకుండా కేంద్రం ఉంచుకుంటోందని రాష్ట్రాలు చెప్పే మాట నిజమే. పెట్రోలు మీద పంపకానికి వచ్చే మూల సుంకం లీటరుకు 1.40 రూపాయలు మాత్రమే. అయినా ఆ కోపం వాహనదారుడి మీద తీర్చుకోవడం న్యాయం కాదు. 2024 మార్చి తర్వాత హైదరాబాద్‌లో లీటరు 107.41 ఉన్నప్పుడు అందులో కేంద్రం ఎక్సైజు 19.90, రాష్ట్రం వ్యాట్ 27, 28 రూపాయల దాకా. బావి, ఓడ, రిఫైనరీ, ట్యాంకరు, డీలరు కమీషను కలిపి మిగతా అరవై.

రోజువారీ ధరల సవరణ 2017 జూన్‌లో మొదలైంది. కానీ 2018లో కర్ణాటక ఎన్నికల ముందు, 2021-22లో ఉత్తరప్రదేశ్ ఎన్నికల ముందు ధరలు కదలకుండా నిలబడ్డాయి. 2022 ఏప్రిల్ నుంచి దాదాపు రెండేళ్లు కంపెనీలు బంకు ధర ముట్టుకోలేదు. మొదట్లో నష్టపోయాయి. తర్వాత రష్యా చమురు రాయితీకి దొరికింది, ముడిచమురూ దిగింది. 2023-24లో మూడు ప్రభుత్వ కంపెనీలకు కలిపి 81 వేల కోట్ల లాభం వచ్చింది. లోక్‌సభ ఎన్నికల ముందు లీటరుకు 2 రూపాయలు తగ్గించారు.

చమురు ఎగుమతి దేశాల కూటమి ఒపెక్ మాటేమిటని అడగవచ్చు. ఆ దేశాలు, రష్యా కలిసి సరఫరా బిగబట్టడం నిజం. 2020 ఏప్రిల్‌లో రోజుకు 97 లక్షల బ్యారెళ్లు, 2022 అక్టోబరులో మరో 20 లక్షలు కోత ప్రకటించారు. మన చేతిలో లేని విషయమది. చేతిలో ఉన్న దాన్ని మనం ఏం చేశామన్నదే నా బాధ.

గోదావరి జిల్లాల వైపు చూడండి. 1978లో నరసాపురంలో మొదటి బావి తవ్వారు. 1987లో తీరంలో రవ్వ క్షేత్రం దొరికింది. 1995 జనవరి 8న పాశర్లపూడిలో బావి పేలి మంట లేచింది. విదేశీ నిపుణులు వచ్చి దాన్ని ఆర్పేసరికి 65 రోజులు పట్టింది. ఆ రోజుల్లో రాత్రి దీపం పెట్టుకోనక్కర్లేకపోయిందని పెద్దవాళ్లు ఇప్పటికీ చెబుతారు, చెబుతూనే అప్పటి భయమూ చెబుతారు. 2014 జూన్‌లో కోనసీమలోని నగరం అనే ఊళ్లో గ్యాస్ పైపులైను పేలి ఇరవైమందికి పైగా చనిపోయారు. ప్రమాదం ఈ ఊళ్లది. 2002లో ఇక్కడి సముద్రంలో రిలయన్స్ కనుగొన్న గ్యాస్ క్షేత్రం కేజీ-డీ6 మీద దేశమంతా ఆశలు పెట్టుకుంది. 2009లో గ్యాస్ మొదలై, 2010లో రోజుకు 6 కోట్ల ఘనపు మీటర్లకు చేరి, నాలుగేళ్లలో నాలుగో వంతుకు పడిపోయింది. భూగర్భం అనుకున్నట్టు లేదని కంపెనీ, ఒప్పుకున్నన్ని బావులు తవ్వలేదని ప్రభుత్వం వాదించుకున్నాయి.

రాజస్థాన్ బావుల పుణ్యాన 2011-12లో దేశ ఉత్పత్తి 3.8 కోట్ల టన్నులకు చేరింది. అక్కడి నుంచి దాదాపు ఏటా జారుతూ 2024-25లో 2.9 కోట్ల టన్నుల లోపుకు వచ్చింది. 2015లో ప్రధాని మోదీ 77 శాతమున్న దిగుమతుల మీద ఆధారాన్ని 2022కల్లా 67కు తేవాలన్నారు. 2022 గడిచేసరికి అది 87 దాటింది. బావులు ముసలివైతే ఊట తగ్గడం సహజమే. పాత బావి తగ్గేలోపు కొత్తది తవ్వి ఉంచుకోవాలి. అలా ఉంచుకోవడానికే కదా 1974లో సెస్సు పెట్టింది.

2024 జనవరి 7న కాకినాడ తీరానికి దూరంగా లోతు సముద్రంలో ఓఎన్‌జీసీ 98/2 బ్లాకు నుంచి మొదటి చమురు వచ్చింది. ఏళ్లకేళ్లు ఆలస్యమయ్యాక వచ్చిన చమురది. రోజుకు 45 వేల బ్యారెళ్లు వస్తాయని ఆశ పెట్టుకున్నారు. దేశం వాడకం రోజుకు 50 లక్షల బ్యారెళ్ల పైమాట.