చీకట్లో తీస్తే దయ్యం కనబడదు: హారర్ ఫ్యాన్ ఫిల్ములపై అపోహలు - వాస్తవాలు

స్నేహితులతో కలిసి ఇప్పటికి ఐదు హారర్ ఫ్యాన్ ఫిల్ములు, అంటే నచ్చిన సినిమాలోని పాత్రలతో, కథతో అభిమానులే సొంతంగా తీసుకునే చిత్రాలు, తీశాను. మొదటి రెండింటినీ ఎవరికీ చూపించను. జడుసుకోవాల్సిన చోట జనం పడీపడీ నవ్వారు. కొత్తగా తీయాలనుకునేవాళ్లు నన్ను అడిగే ప్రశ్నల్లో సగం, నేను ఆ రెండింటిలో చేసిన పొరపాట్లే.

అపోహ: హారర్ కదా, లైట్లు ఆర్పేసి తీస్తే చాలు.

మేమూ అలాగే అనుకున్నాం. వరండా చివర నుంచి దయ్యం నడిచి వచ్చే దృశ్యం అది. ఇంట్లో లైట్లన్నీ ఆర్పేసి ఫోనుతో తీశాం. తీరా పెద్ద తెర మీద వేసి చూస్తే దయ్యం జాడే లేదు. నల్లటి తెర నిండా బూడిదరంగు చుక్కలు పురుగుల్లా లుకలుకలాడుతున్నాయి. వెలుతురు చాలనప్పుడు కెమెరా తనకు అందిన కాస్త కాంతినే పెంచి చూపిస్తుంది, దాంతోపాటు ఆ గరుకూ పెరుగుతుంది. పైగా మేం ఎక్స్‌పోజరును, అంటే కెమెరా ఎంత కాంతి తీసుకోవాలన్నదాన్ని, ఆటోలో వదిలేశాం. ఎవరు టార్చి వేసినా దృశ్యం ఒక్కసారిగా నల్లబడి, మళ్లీ మెల్లగా తేలేది.

తెర మీద చీకటి కనబడాలంటే గదిలో వెలుతురు ఉండాలి. ఇప్పుడు మేం ఒకే ఒక్క దీపాన్ని మనిషి వెనుక, కాస్త పక్కగా పెడతాం. జుట్టు, భుజాల అంచు మెరుస్తాయి, ముఖం నీడలోనే ఉంటుంది. గోడలు లేత రంగువైతే ఆ కాంతి తిరిగొచ్చి ముఖాన పడుతుంది కాబట్టి అటువైపు నల్ల దుప్పటి వేలాడదీస్తాం. ఎక్స్‌పోజరు, ఫోకస్, వైట్ బ్యాలెన్స్ (రంగుల తీరును సరిచేసే సెట్టింగు) మూడింటినీ మధ్యలో మారకుండా లాక్ చేస్తాం. కరెంటు 50 హెర్ట్జ్ ఉన్నచోట షట్టరును (ఒక్కో ఫ్రేముకు కాంతి పడే సమయాన్ని) సెకనులో 1/50 లేదా 1/100 వంతులో, 60 హెర్ట్జ్ ఉన్నచోట 1/60 లేదా 1/120లో పెడితే లైట్ల మినుకు చాలావరకు పట్టదు. ఇంకా చీకటి కావాలంటే ఎడిటింగులో ముదురు చేసుకోవచ్చు. అసలు నమోదే కాని ముఖాన్ని మాత్రం ఏ సాఫ్ట్‌వేరూ తెచ్చిపెట్టలేదు.

అపోహ: మంచి కెమెరా లేకపోతే మొదలుపెట్టడమే దండగ.

కాదు. ఎవరినో బతిమాలి తెచ్చిన కెమెరా కన్నా చేతికి అలవాటైన ఫోను నయం. డబ్బు పెట్టాలనుకుంటే మైకు మీద పెట్టండి.

అపోహ: భయపెట్టే సంగీతం వేస్తే మిగతాదంతా అదే చూసుకుంటుంది.

నాకు ఒళ్లు మండే మాట ఇది. బొమ్మ కాస్త మసగ్గా ఉన్నా ప్రేక్షకుడు సర్దుకుంటాడు కానీ, మాట వినబడకపోతే లేచిపోతాడు. అన్నిటికన్నా ముందు ఆ గది నిశ్శబ్దాన్ని రికార్డు చేయాలి. ఏ రెండు గదుల నిశ్శబ్దమూ ఒకలా ఉండదు. అందరినీ కదలకుండా నిలబెట్టి కనీసం 30 సెకన్లు తీసి పెట్టుకోండి. ఎడిటింగులో రెండు మాటల మధ్య కత్తిరించినప్పుడు దీన్ని పరవకపోతే అక్కడ చెవికి గుంట తగులుతుంది. ఫ్యాను, ఫ్రిజ్ ఆపాల్సిందే. ఫ్రిజ్ ఆపినవాళ్లు బండి తాళాలు అందులోనే పెట్టాలన్నది సౌండువాళ్ల పాత చిట్కా. తాళాల కోసం తలుపు తీసినప్పుడు, దాన్ని మళ్లీ ఆన్ చేయాలని గుర్తొస్తుంది.

ఇక చప్పుళ్లు. నిజమైన తలుపును నిజంగా తట్టి రికార్డు చేస్తే, దయ్యం వచ్చినట్టు కాదు, పక్కింటివాళ్లు పేపరు కోసం వచ్చినట్టు వినబడింది. ఇరవైసార్లు తట్టాం. చివరికి తట్టడం మానేసి, చెక్క స్టూలును బోర్లించి, మైకును దగ్గరగా పెట్టి దాని అడుగున గోళ్లతో గీకాం. అప్పుడు గదిలో అందరం ఒక్కసారి ఒకరి ముఖాలు ఒకరం చూసుకున్నాం. ఎముక విరిగిన చప్పుడు కోసం ఫోలీ కళాకారులు, అంటే సినిమాకు చప్పుళ్లు విడిగా చేసి రికార్డు చేసేవాళ్లు, సెలరీ కాడలు విరుస్తారు. అలా నీరున్న కాడ ఏదైనా పనికొస్తుంది. సంగీతం వేయండి, కాదనను. కానీ తలుపు తెరుచుకునే ముందు ఓ నాలుగు సెకన్లు దాన్ని పూర్తిగా తీసేసి చూడండి.

అపోహ: ఎంత రక్తం పోస్తే అంత భయం.

ఎర్ర రంగు ఒక్కటే కలిపితే తెర మీద పెయింటులా ఉంటుంది. చిక్కటి చక్కెర పాకంలో ఎర్ర ఫుడ్ కలర్, ఒక్క చుక్క నీలం, చిటికెడు కోకో పొడి కలపండి. చర్మం మీద ముందురోజే కొద్దిగా రాసి చూడాలి, కళ్ల దగ్గరికి అసలు రానివ్వకూడదు. రంగు రెండు మూడు రోజులు పోదు. ఒకే చొక్కా తెచ్చుకుంటే రెండో టేక్ ఉండదు. చీమల సంగతి మీరే తెలుసుకుంటారు. 1968 నాటి ‘నైట్ ఆఫ్ ది లివింగ్ డెడ్’లో చాక్లెట్ సిరప్‌నే రక్తంగా వాడారు. నలుపు తెలుపు చిత్రం కాబట్టి చెల్లింది.

మేకప్పూ అంతే. 1978 నాటి ‘హాలోవీన్’లో హంతకుడి ముఖం అప్పట్లో దుకాణంలో దొరికిన ‘స్టార్ ట్రెక్’ అనే అంతరిక్ష సీరియల్‌లోని కెప్టెన్ కర్క్ పాత్ర మాస్కే. కంటి రంధ్రాలు పెద్దవి చేసి, తెల్లరంగు కొట్టారు.

అపోహ: డబ్బు చేసుకోవడం లేదు కాబట్టి కాపీరైట్ గొడవ లేదు.

ఉంది. లాభం లేకపోవడమూ, అనుమతి ఉండడమూ ఒకటి కాదు. “ఇది అభిమానులు తీసినది” అని ముందు ఓ కార్డు వేసినంత మాత్రాన రక్షణ రాదు. చాలా ఫ్యాన్ ఫిల్ములు హక్కుదారులు చూసీచూడనట్టు ఊరుకోవడం వల్లే బతుకుతున్నాయి. కొందరు హద్దులు రాసిచ్చారు. ‘స్టార్ ట్రెక్’ హక్కుదారులు 2016లో ప్రకటించిన నియమాల ప్రకారం ఒక కథ 15 నిమిషాలు దాటకూడదు, రెండు భాగాలైతే మొత్తం 30 నిమిషాలు. చందాలు 50,000 డాలర్లు మించకూడదు. మీరు అభిమానించే చిత్రానికి ఇలాంటివి ఉన్నాయేమో స్క్రిప్టు రాయకముందే చూసుకోండి. అందరూ ఎక్కువగా దొరికిపోయేది మాత్రం పాటతో. అసలు చిత్రంలోని సంగీతం పెడితే వీడియో సైట్లలోని యంత్రాలే పట్టేస్తాయి.

జాంబీలు, అంటే లేచి తిరిగే శవాలు, ఇష్టమైనవాళ్లు అదృష్టవంతులు. ఇందాక చెప్పిన 1968 జాంబీ చిత్రానికి పేరు మార్చినప్పుడు తెర మీది కాపీరైట్ ప్రకటన పోయింది. అప్పటి చట్టం ప్రకారం అది అమెరికాలో పబ్లిక్ డొమైన్‌లోకి, అంటే ఎవరైనా అనుమతి లేకుండా వాడుకోగల స్థితిలోకి, వెళ్లిపోయింది.

అపోహ: మనవాళ్లే కదా, షెడ్యూలు ఎందుకు?

మనవాళ్లే కాబట్టి ఎందుకు రాలేదని గట్టిగా అడగలేం. రెండు వారాల విరామం తర్వాత మా కథానాయకుడు జుట్టు కత్తిరించుకుని వచ్చాడు. తలకు గుడ్డ కట్టి, దెబ్బ తగిలిందని ఒక డైలాగు చేర్చాం. ఇప్పుడు ప్రతి రోజూ షూటింగ్ ముగిశాక అందరి ఫొటోలూ తీస్తాం, అందరూ కలిసి కనబడాల్సిన దృశ్యాలన్నీ ముందే ముగిస్తాం. బయట బొమ్మ కత్తులు, తుపాకులతో తీసేటప్పుడు చుట్టుపక్కలవాళ్లకూ, పోలీసులకూ ముందే చెప్పాలి. ఇందులో మొహమాటం పనికిరాదు.

కేకలు మాత్రం షూటింగులో పెట్టించం. గొంతు పోతుంది, వీధి లేస్తుంది. ఆగి ఉన్న కారులో అద్దాలు ఎక్కించి విడిగా రికార్డు చేస్తాం. సీట్లు, పరుపులు ప్రతిధ్వనిని మింగేస్తాయి. పోయినసారి మా బృందంలోని అమ్మాయి ఒకరు మూడో కేక పెట్టగానే దారిన పోయే పెద్దాయన ఎవరో కంగారుగా అద్దం మీద తట్టారు. ఆయనకు సంగతంతా చెప్పి పంపించి, ఇంటికొచ్చి విన్నాం. ఇరవైసార్లు తట్టినా రాని చప్పుడు అందులో ఉంది.