చీము పట్టని ఇన్ఫెక్షన్

లుకేమియా అనే రక్త క్యాన్సర్‌కు కీమో తీసుకుని పది రోజులైంది. పొద్దున్నే థర్మామీటర్ పెడితే 38.4 డిగ్రీల సెల్సియస్. దగ్గు లేదు, కఫం లేదు, గొంతు ఎర్రబడలేదు. మందులు ఎక్కించడానికి ఛాతీ దగ్గర పెట్టిన గొట్టం చుట్టూ చర్మం మామూలుగానే ఉంది. వేలితో నొక్కితే కాస్త నొప్పి, అంతే. ఎక్స్‌రే కూడా క్లియర్. ఇదే జ్వరం ఇంకొకరికి వస్తే ఒక పారాసిటమాల్ వేసుకుని పడుకోమంటాం. ఈ పేషెంట్‌కు మాత్రం కల్చర్‌కు, అంటే క్రిమి పెరుగుతుందేమో చూసే పరీక్షకు, రక్తం తీసి, గంట తిరక్కుండా గట్టి యాంటీబయాటిక్ నరంలోకి ఎక్కించడం మొదలుపెడతారు. ఏ క్రిమి వల్ల జ్వరం వచ్చిందో అప్పటికి ఎవరికీ తెలియదు. అసలు క్రిమి ఉందో లేదో కూడా తెలియదు.

ఇంత టెన్షన్ దేనికో అర్థం కావాలంటే చీము గురించి మాట్లాడుకోవాలి. చీములో ఉండేది చాలావరకు చచ్చిన న్యూట్రోఫిల్ కణాలు. తెల్ల రక్తకణాల్లో ఇవే ఎక్కువ. ఎముకల్లోని మూలుగ రోజుకు సుమారు 10,000 కోట్ల న్యూట్రోఫిల్స్‌ను తయారుచేస్తుంది. రక్తంలో వాటి ఆయుష్షు చాలా తక్కువ కాబట్టి ఈ ఉత్పత్తి ఆగకుండా సాగుతూనే ఉండాలి. కీమో మందు వేగంగా విభజన చెందే కణాలను దెబ్బతీస్తుంది. క్యాన్సర్ కణాలతో పాటు మూలుగ కూడా ఆ దెబ్బ తింటుంది. వారం, పది రోజులకు పాత న్యూట్రోఫిల్స్ అయిపోతాయి, కొత్తవి రావు. ఆస్పత్రి భాషలో కౌంట్ పడిపోయింది అంటారు.

కౌంట్ పడిపోయిన మనిషికి చీము పట్టదు. నిమ్ము చేసినా కఫం పెద్దగా రాదు. ఎక్స్‌రేలో ఊపిరితిత్తిపై కనిపించే తెల్ల మచ్చ కూడా అక్కడికి పరుగున వచ్చి చేరిన మన కణాలూ ద్రవమూ కలిసి చేసేదే. అవి రాకపోతే మచ్చ లేదు. ఎరుపు, వాపు, చీము, కఫం అంటూ మనం జబ్బు లక్షణాలుగా చెప్పుకునేవి చాలావరకు క్రిమి చేసే పనులు కావు, మన ఒళ్లు చేసే పనులు. రోగనిరోధక శక్తిని సైన్యంతో పోల్చడం బాగా నలిగిపోయిన పద్ధతి. నాకైతే కాపలా కుక్క పోలికే నయమనిపిస్తుంది. దొంగ అలికిడి మనకు వినబడదు, కుక్క మొరుగుడే వినబడుతుంది. కుక్క లేని ఇంట్లో దొంగ పడితే అంతా నిశ్శబ్దమే. ఒక్క జ్వరం మాత్రం మిగులుతుంది. స్టెరాయిడ్లు వాడుతుంటే కొన్నిసార్లు అది కూడా రాదు.

కౌంట్‌కూ ఇన్ఫెక్షన్‌కూ ఉన్న లెక్కను 1966లో జెరాల్డ్ బోడీ బృందం తేల్చింది. అక్యూట్ లుకేమియా ఉన్న 52 మందిని గమనించి, మైక్రోలీటరు రక్తంలో న్యూట్రోఫిల్స్ 1000 కన్నా తగ్గితే ముప్పు మొదలవుతుందని, 100 కన్నా దిగజారితే అది బాగా పెరుగుతుందని చూపించారు. ఎంత తగ్గింది అన్నదొక్కటే కాదు, ఎన్నాళ్లు అలా ఉండిపోయింది అన్నదీ ముఖ్యమేనని చెప్పారు. ఇప్పటికీ డాక్టర్లు 500 దగ్గర గీత గీసేది ఆ తరహా లెక్కల మీదే.

లెక్క తెలిసినా చికిత్స వెంటనే మారలేదు. ముందు రోగమేమిటో కనుక్కో, తర్వాతే మందివ్వు అన్నది వైద్యంలో మొదటి పాఠం. కల్చర్‌లో క్రిమి పెరగడానికి ఒకటి రెండు రోజులు పడుతుంది. సూడోమోనాస్ లాంటి బ్యాక్టీరియా రక్తంలో చేరితే ఆ రెండు రోజుల్లోనే మనిషి చేజారిపోయేవాడు. రిపోర్టు చేతికొచ్చేసరికి మంచం ఖాళీ. 1971లో బాల్టిమోర్‌లో స్టీఫెన్ షింఫ్ బృందం ఆ పాఠాన్ని తలకిందులు చేసింది. కౌంట్ తక్కువున్న క్యాన్సర్ పేషెంట్‌కు జ్వరం రాగానే, కారణం కోసం ఎదురుచూడకుండా, కార్బెనిసిలిన్, జెంటామైసిన్ అనే రెండు యాంటీబయాటిక్‌లు కలిపి ఇచ్చారు. మందుల పేర్లు తర్వాత మారాయి. ముందు మందు, తర్వాత పేరు అన్న పద్ధతి మాత్రం నిలిచిపోయింది.

ఇంతకీ ఆ బ్యాక్టీరియా ఎక్కడినుంచి వస్తుంది? పేషెంట్‌ను అద్దాల గదిలో పెట్టి, వచ్చేవాళ్లకు మాస్కులు తొడిగితే సరిపోతుందని అనిపిస్తుంది. కానీ చాలాసార్లు అది వచ్చేది పేషెంట్ సొంత పేగుల్లోంచే. కీమో నోటి నుంచి పేగు దాకా ఉన్న లోపలి పొరను పలచబరుస్తుంది. అన్నేళ్లుగా అక్కడే కాపురముంటున్న బ్యాక్టీరియా ఆ సందుల్లోంచి రక్తంలోకి జారుతుంది. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడని ఊరికే అనలేదు.

ఒళ్లు నోరు విప్పనప్పుడు నేరుగా క్రిమినే పట్టుకుని అడగాలి. గాలిలో తేలే ఆస్పర్జిల్లస్ అనే ఫంగస్ బీజాలను మనమంతా రోజూ పీలుస్తూనే ఉంటాం. కౌంట్ ఎక్కువ రోజులు పడిపోయి ఉన్నవారిలో అవి ఊపిరితిత్తుల్లో మొలకెత్తుతాయి. ఆ ఫంగస్ పెరిగేటప్పుడు దాని గోడ నుంచి రాలే గెలాక్టోమానన్ అనే పదార్థం రక్తంలో ఉందేమో వెతకడం ఇప్పుడు మామూలు పరీక్ష.

ఇలాంటి వెతుకులాటలో నాకు బాగా నచ్చింది 2014లో అమెరికాలో నమోదైన కేసు. పుట్టుకతోనే తీవ్రమైన రోగనిరోధక లోపం ఉన్న 14 ఏళ్ల అబ్బాయి. నెలల తరబడి జ్వరం, తలనొప్పి, చివరికి మెదడువాపు. మెదడులోంచి చిన్న ముక్క తీసి చూసినా ఏమీ తేలలేదు. చివరికి వెన్నులోంచి తీసిన నీటిలో ఉన్న జన్యుపదార్థం మొత్తాన్నీ మెషిన్‌తో చదివించారు. 30 లక్షలకు పైగా ముక్కల్లో దాదాపు అన్నీ అతనివే. 475 మాత్రం లెప్టోస్పైరా అనే బ్యాక్టీరియావి. జవాబు రెండు రోజుల్లో వచ్చింది. పెన్సిలిన్‌తో అబ్బాయి కోలుకున్నాడు. మామూలు లెప్టోస్పైరోసిస్ పరీక్షల్లో ఆ జబ్బు దొరకలేదు మరి. వాటిలో చాలావరకు క్రిమికి ఎదురుగా మన ఒళ్లు తయారుచేసే యాంటీబాడీలను వెతికేవే, అంటే కుక్క మొరిగిందా అని అడిగేవే.

న్యూట్రోఫిల్స్ ఒక్కటే కాపలా కాదు. కాపలాలో ఎవరు లేరన్నదాన్ని బట్టి ఏ క్రిమి చొరబడుతుందో చాలావరకు ఊహించవచ్చు. దీన్ని తిరగేసినా పనిచేస్తుంది: క్రిమిని చూసి ఏ కాపలా లేదో ఊహించవచ్చు. న్యూమోసిస్టిస్ అనే క్రిమి ఆరోగ్యంగా ఉన్నవాళ్ల జోలికి దాదాపు రాదు, టి కణాలు అనే మరో రకం తెల్ల రక్తకణాలు దెబ్బతిన్నవారి ఊపిరితిత్తుల్లో మాత్రం ప్రాణాంతకమవుతుంది. 1977లో వాల్టర్ హ్యూస్ బృందం క్యాన్సర్ ఉన్న పిల్లల్లో 80 మందికి కోట్రైమాక్సజోల్ అనే యాంటీబయాటిక్ మాత్ర ముందుజాగ్రత్తగా ఇచ్చింది, మరో 80 మందికి ఉత్తుత్తి మాత్ర ఇచ్చింది. రెండో గుంపులో 17 మందికి ఆ నిమ్ము వచ్చింది. మొదటి గుంపులో ఒక్కరికీ రాలేదు. వైద్య పరిశోధనలో ఇంత తేటతెల్లమైన ఫలితం అరుదు. తమాషా ఏమిటంటే అప్పటికి ఆ క్రిమిని ప్రోటోజోవా, అంటే మలేరియా క్రిమి లాంటి ఏకకణ జీవి, అనుకునేవారు. అది ఫంగస్ అని 1988లో గానీ తేలలేదు. అదే నిమ్ము లాస్ ఏంజెలెస్‌లో ఐదుగురు యువకులకు వచ్చిందని 1981 జూన్ 5న ఒక చిన్న రిపోర్టు వెలువడింది. వాళ్లకు క్యాన్సర్ లేదు, కీమో లేదు. క్రిమి పాతదే, మరి కాపలా ఎందుకు లేదు? ఎయిడ్స్ కథ ఆ ప్రశ్నతో మొదలైంది.

నివురుగప్పిన నిప్పు లాంటి ఇన్ఫెక్షన్లది వేరే తీరు. స్ట్రాంజిలాయిడిస్ అనే నులిపురుగు మనిషి పేగుల్లో తనను తానే పునరుత్పత్తి చేసుకుంటూ దశాబ్దాలు బతికేస్తుంది. వేరే జబ్బుకు స్టెరాయిడ్ ఇచ్చిన రోజున ఒళ్లంతా పాకుతుంది. టీబీదీ ఇదే వరస. కీళ్లవాతానికి, పేగులు వాచే క్రోన్స్ జబ్బుకు ఇన్‌ఫ్లిక్సిమాబ్ అనే మందు వచ్చాక, అది తీసుకున్నవారిలో 70 మందికి టీబీ వచ్చినట్టు 2001లో బయటపడింది. సగం మందికి పైగా ఊపిరితిత్తుల బయట. ఆ మందు టీఎన్ఎఫ్ అనే ఒక్క ప్రోటీన్‌ను ఆపుతుంది. నిద్రాణంగా ఉన్న టీబీ చుట్టూ ఒళ్లు కట్టుకున్న గోడను నిలబెడుతున్నది ఆ ప్రోటీనేనని మనుషుల్లో అంత స్పష్టంగా తెలిసింది అప్పుడే. ఇప్పుడు అలాంటి మందు మొదలుపెట్టే ముందు టీబీ పరీక్ష తప్పనిసరి.

కాపలా తిరిగొస్తే? మొదట్లో చెప్పిన పేషెంట్‌కు కొన్ని రోజుల తర్వాత కౌంట్ పెరగడం మొదలైతే, అన్నాళ్లూ మామూలుగా ఉన్న గొట్టం చుట్టూ చర్మం ఎర్రబడి చీము చుక్క కనిపించవచ్చు. ఇంట్లోవాళ్లు హడలిపోతారు, వార్డులో వాళ్లు కౌంట్ వస్తోందని ఊపిరి పీల్చుకుంటారు. ఊపిరితిత్తిలో ఫంగస్ ఉన్నవారికైతే మందు సరిగ్గా పనిచేస్తున్నా మొదటి వారంలో సీటీ స్కాన్‌లో మచ్చ పెద్దదవుతుంది. ఇది తెలియక మందు మార్చేస్తే నష్టమే.

కొన్నిసార్లు తిరిగి రావడమే ముప్పు. హెచ్‌ఐవీతో పాటు క్రిప్టోకాకస్ ఫంగస్ వల్ల మెదడు పొరల వాపు వచ్చిన 177 మందిపై ఉగాండా, దక్షిణాఫ్రికాల్లో ఒక ట్రయల్ జరిగింది. ఫలితాలు 2014లో వచ్చాయి. ఫంగస్‌కు మందు ఇస్తూ, కాపలాను తిరిగి తెచ్చే హెచ్‌ఐవీ మందులను సగం మందికి ఒకటి రెండు వారాల్లోనే మొదలుపెట్టారు, మిగతా సగానికి ఐదు వారాలు ఆగారు. త్వరగా ఇస్తే మేలనే ఎవరైనా అనుకుంటారు. 26 వారాలకు త్వరగా ఇచ్చినవారిలో 45 శాతం, ఆగినవారిలో 30 శాతం చనిపోయారు. ట్రయల్‌ను మధ్యలోనే ఆపాల్సి వచ్చింది. తేడా ఎక్కువగా కనిపించింది మొదట్లో వెన్ను నీటిలో తెల్లకణాలు దాదాపు లేనివారిలో, అంటే అందరికన్నా నిశ్శబ్దంగా ఉన్నవారిలో. ఇప్పుడు ఆ జబ్బులో హెచ్‌ఐవీ మందులకు నాలుగు నుంచి ఆరు వారాలు ఆగుతారు.